రేకుల షెడ్డు, బెంచ్ వైస్

ఇప్పటి పిల్లలకి రోబోటిక్స్ టీమ్ అంటే త్రీడీ ప్రింటర్లున్న ల్యాబ్. 2007 చివర్లో మా కాలేజీ టీమ్‌కి ఇచ్చింది మెకానికల్ బ్లాక్ వెనక జనరేటర్ పక్కనున్న రేకుల షెడ్డు. మరుసటి ఏడాది ఏబీయూ రోబోకాన్, అంటే ఆసియా-పసిఫిక్ దేశాల కాలేజీ విద్యార్థుల రోబోల పోటీ, పుణెలో. ఆటేమో కృష్ణుడి వెన్నకుండలది, అంటే మన ఉట్టి పండగే.

ఉన్న కాస్త డబ్బుతో మంచి మోటార్లు కొనేద్దామని సగంమంది గోల. మదనపల్లె నుంచి వచ్చిన మా సీనియర్ ససేమిరా అన్నాడు. "ముందు పట్టుకునేవి, కొలిచేవి కొనండ్రా. తిరిగేవి తర్వాత."

అలా బెంగళూరు ఎస్పీ రోడ్డులో బెంచ్ వైస్ (వస్తువుని కదలకుండా పట్టే బిగింపు), వెర్నియర్ (సన్నని కొలతలు తీసేది), స్టాండున్న డ్రిల్లింగ్ మెషిన్ బేరమాడాం. మా తెలుగు విని షాపాయన "ఏ ఊరు నాయనా?" అన్నాడు. వాళ్లది హిందూపురమట. ధర మాత్రం రూపాయి తగ్గించలేదు. అయితే ఎం4 ట్యాప్‌కి, అంటే 4 మిల్లీమీటర్ల మరకి రంధ్రంలో గాడులు కోసే పనిముట్టుకి, ముందు 4 కాదు, 3.3 మిల్లీమీటర్ల బిట్ వాడాలని చెప్పి పంపాడు. మా క్లాసులో ఎవరూ చెప్పని సంగతి అది.

ఆ సీనియర్ పట్టుదలకి కారణం ఉంది. అల్యూమినియం రేకుని చేత్తో పట్టుకుని డ్రిల్ చేస్తే, బిట్ అవతలికి దిగే క్షణంలో రేకు గిర్రున తిరిగి చెయ్యి కోసేస్తుంది. హ్యాండ్ డ్రిల్‌తో వేసిన రంధ్రం ఏటవాలుగా పోతుంది. అప్పుడు రెండు వైపుల బేరింగులు ఒక వరసలో ఉండవు, షాఫ్ట్ బిగుస్తుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, మోటారుని నడిపే డ్రైవర్ బోర్డు కాలిపోతుంది. కోడ్ రాసేవాళ్లు ఎలక్ట్రానిక్స్ వాళ్లని తిడతారు, వాళ్లు బ్యాటరీని తిడతారు. రంధ్రం జోలికి ఎవరూ వెళ్లరు!

మోటార్లు జేసీ రోడ్డులో దొరికాయి, పాత కార్ల వైపర్లవి. బరువే గానీ లోపల వర్మ్ గేరు (మర లాంటి గేరు, వెనక్కి తిరగదు) ఉంటుంది కాబట్టి కరెంటు ఆపినా రోబో చెయ్యి బరువుకి కిందికి జారదు. ఉట్టి అందుకోవడానికి అదే కావాలి. షాఫ్టులు పీణ్య పారిశ్రామికవాడలో ఒక టర్నర్ చేత లేత్ మీద (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) చేయించాం.

గోడకి ప్లైవుడ్ కొట్టి, ప్రతి పనిముట్టు చుట్టూ పెయింటుతో గీత గీశాం. ఆకురాయి మాయమైతే ఖాళీ బొమ్మ కనబడేది. తెచ్చి పెట్టనివాడు అందరికీ టీ తాగించాలి.

ఈసారి పూర్వ విద్యార్థుల నిధి పోగైతే ఇంకో ప్రింటర్ కొనకండి. చిన్న లేత్ కొని, అది నేర్పే టర్నర్‌కి జీతం ఏర్పాటు చేయండి. నా వంతు నేనిస్తాను.