బెల్లం గడ్డం

గజ్జి అంది.

పొద్దున ఎనిమిదింటికి మెట్ల దగ్గర, చేతిలో పాల ప్యాకెట్లతో నిలబడి, నా కాళ్ళ మధ్యలోంచి తొంగి చూస్తున్న బెల్లాన్ని చూసి అంది ఎదురింటావిడ. "ఏందక్కా, మీ పిల్లికి గజ్జి పట్టినట్టుండాదే. పిల్లోడుండే ఇల్లు మాది, కాస్త లోపలే పెట్టుకోండి." అనేసి వాకిలి వేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు, మామూలుగానే వేసింది. అయినా ఆ చప్పుడు ఇప్పుడు రాత్రి పదకొండున్నరకి కూడా నాకు వినిపిస్తోంది. ఆయన, చిన్ని నిద్రపోయి గంటయింది. స్టవ్ మీద నీళ్ళు పెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

గజ్జి కాదు. మొటిమలు. పిల్లులకి గడ్డం కింద మొటిమలు వస్తాయి. నాకూ మూడు వారాల క్రితం వరకు తెలియదు. కానీ తెలియనప్పుడు నేను ఎవరి పిల్లినీ చూసి ఆ మాట అనలేదు.

మొదట చూసింది చిన్ని. బెల్లానికి ఒళ్ళంతా బెల్లం రంగే అయినా గడ్డం కింద మాత్రం తెల్లగా ఉంటుంది కదా, ఆ తెలుపులో నల్లటి నలకలు. ఫిల్టర్ అడుగున మిగిలిన కాఫీ పొడి అంటుకున్నట్టు. "అమ్మా, ఇది కాఫీ తాగినట్టుందే" అంది చిన్ని. "గడ్డం పెరుగుతోందిలే" అన్నారాయన పేపర్లోంచి తల ఎత్తకుండా. తడిబట్టతో తుడిచాను, పోలేదు. ఎగిరే పేలేమో అనుకున్నాను, ఫ్లీస్ అంటారే, అవి. ఒంట్లో పేలుంటే వాటి రెట్ట ఇలాగే నల్లగా రాలుతుంది, అది పిల్లి నెత్తురు తాగి వేసిందే కాబట్టి తడి దూది మీద పెడితే ఎర్రగా దిగుతుంది. దువ్వెనతో దువ్వి, రాలిన ఒకటీ అరా నలకని తడి దూది మీద పెట్టి చూశాను. దూది తెల్లగానే ఉంది. దాంతో పేలు కాదని తేలింది గానీ, మరేమిటో తేలలేదు.

చిత్తూరు చిన్నమ్మకి ఫోన్ చేస్తే, "కొబ్బరినూనెలో పసుపు కలిపి పూయి మే, రెండు రోజుల్లో పోతుంది" అంది. చిన్నమ్మకి ఏ రోగానికైనా అదే మందు. పూయలేదు, మంచిపని చేశాను. అసలే జిడ్డుతో మూసుకుపోయిన చోట ఇంకా నూనె పూస్తే ఏమవుతుంది? పైగా పూసింది పూసినట్టు నాకేస్తుంది.

కానీ పసుపు కంటే పాడుపని నేనే చేశాను. ఇక్కడ రాయకపోతే అబద్ధం చెప్పినట్టు ఉంటుంది. ఒక రాత్రి అది నా ఒళ్ళో వెల్లకిలా పడుకుంటే, ఫోన్ లైటు వేసి, రెండు బొటనవేళ్ళ గోళ్ళ మధ్య ఒక నల్ల చుక్కని పట్టుకుని నొక్కాను. నువ్వుగింజంత గట్టి ముక్క బయటికి వచ్చింది. అది రాగానే ఇంకొకటి నొక్కాలనిపించింది. మూడోదానికి నెత్తురు వచ్చింది. బెల్లం అరవలేదు. లేచి మంచం కిందికి వెళ్ళిపోయింది, అంతే. రెండు రోజులకి అక్కడ శనగగింజంత వాపు, పైన చీము తల.

మంచం కింద దాని కళ్ళు చూస్తుంటే నా చెయ్యి నా గడ్డం మీదికి పోయింది. ఎడమ పక్కన గుంట ఉంది కదా, ఫోటోల్లో మీరు చూసే ఉంటారు, సొట్ట అనుకుంటారు అందరూ. సొట్ట కాదు.

1999. నేను తొమ్మిదో తరగతి. చంద్రగిరిలో పెద్దక్క పెళ్ళి. ఆ ఏడాది నా మొహం మీద చెయ్యి పెట్టడానికి ఖాళీ లేదు, నుదురు, బుగ్గలు, గడ్డం అన్నీ మొటిమలే. ఇంటికి ఎవరు వచ్చినా మంచినీళ్ళు కూడా తాగకముందే అదే మాట. "ఏందీ పిల్ల మొహం ఇట్టయిపోయింది? నూనె వస్తువులు పెడుతున్నారా? మొహం కడుక్కోదా?" ఇంట్లో నాకంటే ఎక్కువసార్లు మొహం కడిగేవాళ్ళే లేరు. కడిగి కడిగి చర్మం పొట్టు లేచేది. అవ్వ మాత్రం ఏమీ అడిగేది కాదు. సాయంత్రం అయ్యేసరికి వసారాలో సానరాయి ముందర కూర్చుని, నీళ్ళు రెండు చుక్కలు వేసి ఎర్రచందనం చెక్క అరగదీసేది. ఆ చెక్క ముక్క తాత కాలం నాటిది, అరిగి అరిగి సబ్బు బిళ్ళంత అయింది. సాన మీద ముదురు ఎరుపు ముద్ద పేరుకునేది. ఉంగరపు వేలితో ఒక్కో మొటిమ మీద చుక్క పెట్టేది. "గిల్లొద్దు తల్లీ, గిల్లితే గుంట పడుతుంది." తగ్గేదా అంటే చెప్పలేను. చల్లగా ఉండేది. ఆ పది నిమిషాలు నా మొహాన్ని ఒకళ్ళు మంచి మనసుతో ముట్టుకునేవాళ్ళు, నాకు అది చాలు.

పెళ్ళి రోజు తెల్లవారుజామున మేనత్త నన్ను బావి దగ్గరికి పిలిచింది. "పెళ్ళికూతురు పక్కన నిలబడేదానివి, గడ్డం మీద అంత పెద్దది పెట్టుకుని ఎట్లా నిలబడతావు" అంటూ జాకెట్టుకున్న పిన్నీసు తీసి గుచ్చింది. రెండు వేళ్ళతో పిండింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి గానీ ఇల్లంతా చుట్టాలు, గట్టిగా ఏడవలేదు. ముహూర్తం టైముకి గడ్డం వాచిపోయింది. ఫోటోలప్పుడు ఎవరో వెనక నుంచి అన్నారు, "ఆ గజ్జి మొహం పిల్లని కొంచెం వెనక్కి జరగమనండి" అని. ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు. మగ గొంతు. నవ్వుతూ అన్నారు. నేను జరిగాను. పెద్దక్క పెళ్ళి ఆల్బంలో పీటల మీద ఫోటోలో, ఒక పట్టుచీర భుజం వెనక నా నెత్తి, మల్లెపూలు మాత్రం కనిపిస్తాయి.

ఇరవై ఆరేళ్ళ తర్వాత పొద్దున అదే మాట మెట్ల దగ్గర వినేసరికి నోట మాట రాకపోవడం అందుకే అనుకుంటా. సాయంత్రం దాకా మనసులో జవాబులు తయారుచేసుకుంటూనే ఉన్నాను. కూర తాళింపు పెడుతూ ఒకటి, బట్టలు ఆరేస్తూ ఒకటి. "మీ వాకిట్లో కాలవ మూడు రోజులుగా పొంగుతుంటే నేనేమన్నా అన్నానా?" అనేది బాగా నచ్చింది. డాక్టరమ్మ రాసిన చీటీ తీసుకెళ్ళి ఆమె మొహం ముందు పెట్టాలని కూడా అనుకున్నాను.

డాక్టరమ్మ సంగతి చెప్పలేదు కదా. వాపు చూసిన మర్నాడు బుట్టలో పెట్టుకుని మా తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళాను. 1955 నుంచి ఉన్న కాలేజీ. మా నాన్న చిన్నప్పుడు తాత ఎద్దుని నడిపించుకుంటూ అక్కడికే తెచ్చాడట. ఈరోజుకీ పల్లెల నుంచి ఆవులు, మేకలు వస్తూనే ఉన్నాయి. నా ముందర ఒకాయన దూడని కండువాతో విసురుతూ కూర్చున్నాడు. నా బుట్టలోకి చూసి, "పాపం, దానికేమైందమ్మా" అన్నాడు. చూడండి, అలా కూడా అడగొచ్చు.

చిన్న వయసు డాక్టరమ్మ. దీపం కింద గడ్డం పైకెత్తి వెంట్రుకలు పాయలు తీసి చూసి, "నొక్కారా?" అంది. అబద్ధం చెప్పలేకపోయాను. తిట్టలేదు. పిల్లి గడ్డం కింద నూనె గ్రంథులు ఎక్కువగా ఉంటాయట. అది తలుపులకీ, కుర్చీ కాళ్ళకీ, మన పాదాలకీ గడ్డం రుద్దుతూ తిరిగేది తన వాసన అంటించడానికే. ఆ నూనె, చర్మంలో తయారయ్యే కెరటిన్ అనే గట్టి పదార్థం కలిసి వెంట్రుక కుదురులో బిరడాలా బిగుసుకుంటే పైకి నల్ల చుక్కలా కనిపిస్తుంది, మనకి వచ్చే బ్లాక్‌హెడ్ లాంటిదే. మనలా వయసుకి వచ్చినప్పుడే రావాలని లేదు, పిల్లికి ఏ వయసులోనైనా వస్తుంది. కొన్నిటికి ఒకసారి వచ్చి పోతుంది, కొన్నిటికి జీవితాంతం వచ్చిపోతూనే ఉంటుంది. నొక్కితే లోపల పగిలి సూక్ష్మక్రిములు చేరతాయి, అప్పుడే వాపు, చీము.

"దేంట్లో తింటుంది?" అని అడిగింది. లీలామహల్ దగ్గర కొన్న గులాబీ రంగు ప్లాస్టిక్ గిన్నెలో. ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి, ఆ గీతల్లో జిడ్డూ క్రిములూ దాక్కుంటాయి, తిన్నప్పుడల్లా గడ్డం అందులో ఆనుతుంది. అదొక్కటే కారణమని ఖాయంగా చెప్పలేం గానీ ముందు అది తీసేయండి, స్టీలుదో పింగాణీదో పెట్టి రోజూ కడగండి అంది. ఇంటికి వచ్చి ఆ గిన్నెని కిటికీ వెలుగులో పెట్టి చూశాను. అడుగంతా సన్నటి గీతలు, గోటితో గీరితే తెల్లగా జిగట వచ్చింది. నేను రోజూ కడిగాననుకున్న గిన్నె అది. నీళ్ళతో తొలిచేదాన్ని, అంతే.

ఇప్పుడు అది అవ్వ కంచంలో తింటోంది. గోవిందరాజస్వామి గుడి వైపు పాత్రల అంగడిలో అవ్వ తన పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించుకున్న చిన్న స్టీలు కంచం. చిన్నమ్మకి తెలిస్తే ఊరుకోదు. అవ్వ ఉంటే ఏమీ అనేది కాదని నా నమ్మకం.

రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డ గడ్డానికి కాసేపు ఆనించి పట్టుకోవాలి. రుద్దకూడదు. తర్వాత ఆమె ఇచ్చిన క్లోర్‌హెక్సిడిన్ మందుతో అద్దాలి. వాపుకి మాత్రలు వేరే. మనుషుల మొటిమల క్రీములు వద్దంది, టీ ట్రీ ఆయిల్ అయితే పిల్లులకి విషమని రెండుసార్లు చెప్పింది. మొదటి రోజు నా ముంజేతి మీద మూడు గీతలు పెట్టింది బెల్లం. నాలుగో రోజుకి గుడ్డ చూడగానే తనే వచ్చి గడ్డం నా అరచేతిలో పెట్టి కళ్ళు సగం మూసింది. గొంతులో గుర్రు మొదలైతే ఆ అదురు గుడ్డలోంచి నా వేళ్ళకి తెలుస్తుంది. వాపు పోయింది, చుక్కలు సగం రాలాయి. మిగిలినవే పొద్దున ఎదురింటావిడ కంట పడ్డాయి.

చీటీ అన్నాను కదా. ఇందాక దాన్ని బ్యాగులోంచి తీసి చదివాను, రేపు చూపించే ముందు ఒకసారి చూసుకుందామని. అందులో గడ్డం గీకి స్లైడు మీద చూశారు, గజ్జి పురుగులు లేవు అని ఉంది. దాని కింద తామరకి వెంట్రుకలు కల్చర్‌కి, అంటే తామర బూజు పెరుగుతుందేమో చూసే పరీక్షకి, పెట్టారని ఉంది. ఆ రోజు డాక్టరమ్మ చెప్పింది కూడా, తామర ఒక్కోసారి ఇలాగే గడ్డం దగ్గర మొదలవుతుంది, అది పిల్లి నుంచి మనుషులకి, ముఖ్యంగా చిన్నపిల్లలకి అంటుతుంది, ప్రత్యేకమైన లైటు కింద ఆకుపచ్చగా మెరవకపోయినంత మాత్రాన లేదని వదిలేయలేం అని. మా చిన్నిని కల్చర్ ఫలితం వచ్చేదాకా దాని పక్కన పడుకోనివ్వలేదు నేను. మొన్న సోమవారం ఏమీ లేదని వచ్చాక గానీ నా టెన్షన్ తగ్గలేదు.

అంటే ఎదురింటావిడ పొద్దున పడ్డ భయం, నేను రెండు వారాలు పడ్డ భయం ఒకటే. వాళ్ళ బాబుకి రెండేళ్ళు. గ్రిల్లులోంచి చెయ్యి పెట్టి బెల్లం గడ్డం గోకేది వాడే, "బెయ్యం, బెయ్యం" అంటూ. ఇదేమో మెడ చాపి ఇచ్చేది. వాళ్ళ గేటుకి కూడా గడ్డం రుద్ది వస్తుంది రోజూ. ఆ రెండు వారాలు, తామరో కాదో తేలకముందు, నేను ఆమెకి ఒక్క మాట చెప్పలేదు. మా పిల్లని దూరం పెట్టాను, వాళ్ళ పిల్లోడి సంగతి నాకు తట్టలేదు. తట్టలేదా, చెబితే పిల్లిని తరిమేయమంటుందని తట్టనట్టు ఉన్నానా? రెండోదే అనుకుంటా.

ఆ మాట మాత్రం ఇంకా గుచ్చుతూనే ఉంది. భయం వేస్తే "ఏమైందక్కా" అని అడగొచ్చు. కానీ నేను ముందే చెప్పి ఉంటే ఆమెకి అడిగే అవసరం వచ్చేది కాదు. చీటీ చూపిస్తాను, మొహం ముందు పెట్టడానికి కాదు. కాలవ సంగతి ఎత్తను. ముందు నేను చెప్పకపోవడం తప్పని చెప్పి, తర్వాత ఆ మాట వద్దని చెబుతాను. ఆ వరసలో చెప్పగలనో లేదో పొద్దున పాల టైముకి చూడాలి.

వంటింట్లోంచి స్టీలు కంచం నేల మీద జరుగుతున్న చప్పుడు. ఖాళీ కంచాన్ని నాకుతూ మూలకి తోసుకుంటూ పోతోంది. స్టవ్ ఎప్పుడు కట్టేశానో గుర్తులేదు, పెట్టిన నీళ్ళు చల్లారిపోయి ఉంటాయి. మళ్ళీ కాచాలి.