స్తూపానికి రంగు వేసే ముందు

నల్లగొండ, సూర్యాపేట పల్లెల్లో బొడ్రాయి తర్వాత ఎక్కువగా కనిపించేది, తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లతో కమ్యూనిస్టులు కట్టిన ఎర్రస్తూపమే. కడవెండిలో ఆ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన జులై 4న, మళ్లీ సెప్టెంబర్ వారోత్సవాలకు ఊరు దాని దగ్గర చేరుతుంది. దానికి ముందురోజు ఒక డబ్బా తెచ్చి, గద్దె నుంచి సుత్తె కొడవలి దాకా ఒకటే పూత పూసేస్తారు. పేర్లు పోయేది అక్కడే. చెక్కిన అక్షరం లోతు మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఏటేటా రంగు గూడుకట్టి గాడి పూడిపోతుంది.

అందుకే ముందు పేర్ల పలక సంగతి చూడాలి. షాబాదు బండ, కడప బండ, పాలరాయి మూడూ సున్నపు రాళ్ల జాతే. బాత్రూం యాసిడ్ పోస్తే మురికితో పాటు అక్షరం అంచు కూడా కరుగుతుంది. పెయింట్ రిమూవర్ పూసి, పావుగంట ఆగి, వెదురు పుల్లతో గాడి గాడీ గీకాలి. ఇనుప బ్రష్ వద్దు. చదవడానికి రానివి చీకటి పడ్డాక టార్చిని పలకకు పక్కవాటుగా పట్టి ఫొటో తీస్తే నీడల్లో తేలుతాయి.

కొత్త పలక చేయిస్తుంటే ఇంటిపేరు, తండ్రి పేరు, చనిపోయిన తేదీ మూడూ ఉండాలి. ఒకే ఊళ్లో ఇద్దరు ముత్తయ్యలు ఉండడం వింతేం కాదు. తేదీ ఇంకా ముఖ్యం. నిజాం లొంగిపోయిన 1948 సెప్టెంబర్ 17కు ముందు పోయినవాళ్లు దొరల గూండాలతో, రజాకార్లతో, నిజాం పోలీసులతో కొట్లాడినవాళ్లు. ఆ తర్వాత 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా పోయినవాళ్లు భారత యూనియన్ సైన్యం, పోలీసుల చేతుల్లో పోయారు. తేదీ లేకుంటే రెండూ కలిసిపోతాయి. కొందరికి అదే నయమనిపిస్తుందేమో.

ఇక రంగు. నేల చెమ్మ గద్దెలోకి ఎక్కుతుంది. పైన ఎనామిల్ ఉంటే ఆ చెమ్మకు దారి దొరకక బుడగలు లేచి పొరలుగా ఊడుతుంది. దాని మీదే మళ్లీ వేస్తే మళ్లీ ఊడుతుంది. గీకి, కడిగి, మూడు రోజులు ఆరబెట్టి, ఒక కోటు ప్రైమర్, రెండు కోట్లు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ వేయాలి. పదడుగుల స్తూపానికి, ఐదడుగుల చదరపు గద్దెకు కలిపి ప్రైమర్ లీటరున్నర, రంగు మూడు లీటర్లు సరిపోతాయి. కొత్తగా ప్లాస్టరింగ్ చేస్తే నెల ఆగాల్సిందే. ఇదంతా మృగశిర చినుకులకు ముందే, పొద్దున పూట కావాలి. రోహిణి ఎండకు కాలిన గోడ మీద రంగు పట్టదు. పలక చుట్టూ టేపు అంటించడం మరవొద్దు.

సభనాడు జెండా, దండలు, రెండు నిమిషాల మౌనం ఎలాగూ ఉంటాయి. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలిన తర్వాత కొన్ని ఊళ్లలో ఏ జెండా ముందన్న తగువు కూడా ఉంటుంది. ఉపన్యాసాలకు ముందే పలక మీది పేర్లు ఒక్కొక్కటి చదివి, ఒక్కో పేరుకు జోహార్లు చెప్పించండి. ఇరవై పేర్లకు ఐదు నిమిషాలు కూడా పట్టదు. జెండాకు జారుముడి ఆ పొద్దునే వేయాలి. రాత్రే వేస్తే తాడు వానకో మంచుకో తడిసి బిగుసుకుంటుంది, అందరూ పైకి చూస్తుండగా ఊడి రాదు.