ఇటుక ఇంటికి కొత్త రూపు కావాలంటే డబ్బా మూత తీయకముందే చూడాల్సినవి

ఇటుక ఇల్లు ఉన్న ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది, ఈ ఎరుపు చూసి చూసి విసుగొచ్చింది, మొత్తం తెల్లగా కొట్టించేస్తే పోలా అని. ఫోన్‌లో ముందూ తర్వాతా ఫొటోలు చూస్తే ఇంకా ఆగబుద్ధి కాదు, ఎడమ పక్క మాసిపోయిన పాత ఇల్లు, కుడి పక్క మెరిసిపోతున్న తెల్ల ఇల్లు, నల్ల కిటికీలు. మా చెల్లి వాళ్ళు ఈమధ్య ఒక పాత ఇటుక ఇల్లు కొన్నారు, కొన్న వారానికే ఫోను, "అక్కా, రంగు వేయించేద్దామనుకుంటున్నాం, తెలుపా క్రీమా చెప్పు" అని. నేను ముందు రెండూ వద్దన్నాను, తర్వాత కూర్చుని చాలాసేపు మాట్లాడాం, ఆ మాట్లాడిందంతా ఒకచోట రాస్తే ఇంకెవరికైనా పనికొస్తుందని ఈ పోస్టు.

నేను మొదట చెప్పింది ఒకటే. ఇటుక మీద వేసే పెయింట్ వెనక్కి తీసుకోలేని పని. కర్రకి వేసిన రంగు గీకొచ్చు, ప్లాస్టరింగ్ మీద రంగు నచ్చకపోతే ఇంకో రంగు కొట్టొచ్చు, కానీ కాల్చిన ఇటుక ముఖం నిండా సన్న సన్న రంధ్రాలుంటాయి, పెయింట్ వాటిలోకి దిగిపోతుంది, తర్వాత కెమికల్ పెట్టినా పూర్తిగా రాదు. శాండ్ బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి గీకించడం, చేయిస్తే పోతుంది అంటారు కొందరు, పోయేది పెయింట్ ఒక్కటే అయితే బాగానే ఉండేది, బట్టీలో కాలినప్పుడు ఇటుకకి పైన ఒక గట్టి పొర ఏర్పడుతుంది కదా అది కూడా దాంతోపాటే పోతుంది, లోపలి మెత్తటి భాగం బయటపడి అప్పట్నుంచి ప్రతి వానకీ ఎక్కువ నీళ్ళు తాగుతూ పొడి పొడిగా రాలుతుంది. దయచేసి ఇటుక మీద శాండ్ బ్లాస్టింగ్ మాత్రం చేయించకండి, ఇది ఎవరు అడిగినా చెప్తాను.

రెండో సంగతి నీళ్ళు. ఇటుక గోడ వానలో కొంచెం తడుస్తుంది, ఎండలో ఆరుతుంది, అలా ఏళ్ళ తరబడి బాగానే ఉంటుంది. మామూలు ప్లాస్టిక్ లాంటి పొర కట్టే పెయింట్ దళసరిగా కొడితే ఆ ఆరడం ఆగిపోతుంది. పొరకి ఎక్కడో ఒక సన్న పగులు రాకపోదు, కిటికీ మూల దగ్గరో పైపు గోడలోకి వెళ్ళే చోటో, అక్కడ నీళ్ళు లోపలికి పోతాయి, బయటికి రావడానికి దారి ఉండదు. అప్పుడు పెయింట్ బొబ్బలెక్కుతుంది, పెచ్చులు ఊడుతుంది, కొన్నిసార్లు పెచ్చుతో పాటు ఇటుక ముఖం కూడా పలకలా ఊడొస్తుంది. మంచు పడే చలి ప్రాంతాల్లో అయితే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతాయి కాబట్టి ఇటుకని లోపల్నుంచే పగలగొడతాయి.

అందుకే రంగు సంగతి తర్వాత, ముందు గోడ ఆరోగ్యంగా ఉందా చూడాలి. చెల్లిని వీడియో కాల్‌లో పెట్టి ఇల్లు చుట్టూ తిప్పించాను. చూరు కింద గట్టర్ ఎక్కడైనా కారుతోందా, గోడ కింది భాగంలో తెల్లగా ఉప్పు తేలిందా, నాచు ఏ పక్క ఎక్కువ పట్టింది, ఇటుకల మధ్య సందుల్లో సిమెంటో సున్నమో వేలితో గీరితే ఇసుకలా రాలుతోందా. ఉప్పు తేలింది అంటే లోపల నీళ్ళు తిరుగుతున్నాయని అర్థం, గోడలోని ఉప్పు నీళ్ళలో కరిగి బయటికొచ్చి, నీళ్ళు ఆవిరైపోయాక ఇక్కడే మిగిలిపోతుంది. దాన్ని చూడగానే పైపు పెట్టి కడిగేస్తారు చాలామంది, కడిగితే మళ్ళీ కరిగి లోపలికే పోతుంది, ఎండబెట్టి పొడి బ్రష్‌తో రుద్ది తుడిచేయడం మేలు. అసలు కారణం, అంటే నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తున్నాయో అది ఆపకుండా దాని మీద ఏం వేసినా నిలవదు.

చెల్లి వాళ్ళింట్లో వెనక గోడకి ఉప్పు నిలువుగా ఒక పట్టీలా తేలింది, సరిగ్గా పైన గట్టర్ జాయింట్ ఉన్న చోట. జాయింట్ సరిచేయించాక కొన్నాళ్ళకి గోడ దానంతటదే ఆరింది. ఇంటి రూపు మార్చడంలో మొదటి పని అదే అయింది, రంగు డబ్బా ఇంకా కొననే లేదు.

తర్వాత కడగడం. ఇది చాలామంది లెక్కలోకే తీసుకోరు, నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. ప్రెషర్ వాషర్ ఫుల్‌గా పెట్టి కొట్టక్కర్లేదు, అది సందులు పీకేస్తుంది. ముందు గోడని మామూలు నీళ్ళతో బాగా తడపాలి, అలా తడిపితే సబ్బు నీళ్ళు ఇటుక లోపలికి పీల్చుకోకుండా పైనే ఉంటాయి, తర్వాత గట్టి నైలాన్ బ్రష్‌తో కింద నుంచి పైకి రుద్దుకుంటూ పోయి, పై నుంచి కిందకి కడిగేయాలి. వైర్ బ్రష్ వాడొద్దు, దాని ఇనుప పోగులు ఇటుకలో ఇరుక్కుని తర్వాత తుప్పు మరకలవుతాయి. వాకిలి పక్కన మీటరు చదరం అంత ముక్క కడిగి చూడమన్నాను. సాయంత్రానికి ఆరాక ఫొటో పంపింది, చుట్టూ ఉన్నది గోధుమ రంగు తిరిగిన నలుపు, ఆ ముక్క మాత్రం నారింజ ఛాయ ఉన్న ఎరుపు, అక్కడక్కడ ఎక్కువ కాలిన ఇటుకలు ఊదా రంగులో, ఒకటి రెండు దాదాపు నీలంగా. "ఇది మన గోడేనా అక్కా" అంది. ఇటుక ఎరుపు మట్టిలో ఉన్న ఇనుము వల్ల వస్తుంది, బట్టీలో ఎక్కడ ఎంత వేడి, ఎంత గాలి తగిలిందో దాన్ని బట్టి ఒక్కోటి ఒక్కో ఛాయలో తేలుతుంది. మట్టిలో సున్నం ఎక్కువుంటే పసుపు, క్రీమ్ వైపు పోతుంది. అంటే మనకి విసుగొచ్చింది చాలావరకు ఇటుక రంగు మీద కాకపోవచ్చు, దాని మీద పేరుకున్న మసి మీద అయ్యుండొచ్చు.

ఇక సందులు. ఇక్కడే నేను ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇటుక ఇంటి రూపు సగం సందుల చేతిలో ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. చిన్న లెక్క వేసి చూడండి. బ్రిటిష్ స్టాండర్డ్ ఇటుక ముఖం 215 మిల్లీమీటర్ల పొడవు, 65 ఎత్తు, సందు 10. లెక్క కడితే గోడలో దాదాపు 17 శాతం, అంటే ఆరో వంతు, సందే కనిపిస్తుంది. ఆ ఆరో వంతు రంగు మారితే గోడ మొత్తం మారినట్టే. బూడిద రంగు సిమెంట్ సందుల్లో ఎర్ర ఇటుక డల్‌గా, కొంచెం ఫ్యాక్టరీ గోడలా కనిపిస్తుంది, అదే ఇటుకకి లేత ఇసుక రంగు సున్నం సందులు పెడితే ఇటుక వెలుగుతుంది, గోడ మొత్తం మెత్తబడ్డట్టు ఉంటుంది. ముదురు సందులు పెడితే ఒక్కో ఇటుక విడిగా కనపడక గోడంతా ఒకే పరుపులా కనిపిస్తుంది, అది కొన్ని కొత్త తరహా ఇళ్ళకి బాగుంటుంది.

పాత సందులు తీసి కొత్తగా నింపడాన్ని పాయింటింగ్ అంటాం కదా, అది ఓపిక పని. సందు వెడల్పుకి కనీసం రెండింతల లోతు, అంటే 20 నుంచి 25 మిల్లీమీటర్ల వరకు పాత మాలు తీయాలి, పై పైన పూస్తే మొదటి ఏడాదే ఊడిపోతుంది. గ్రైండర్ పెట్టి కోస్తే పని తొందరగా అవుతుంది కానీ చేయి కాస్త జారితే ఇటుక అంచు పోతుంది, ముఖ్యంగా నిలువు సందుల దగ్గర పైనా కిందా ఇటుకలోకి కోసేస్తారు, ఆ కోతలు ఇక జన్మలో పోవు. నిలువు సందులు ఉలితో చేతితోనే తీయించుకోండి. తీసిన సందు దుమ్ము లేకుండా ఊది, తడిపి, అప్పుడు నింపాలి.

మాలు ఏం వాడాలి అన్నది ఇంకా ముఖ్యం. పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి పేటెంట్ వచ్చింది 1824లో, అది మామూలు ఇళ్ళ దాకా రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది, కాబట్టి బాగా పాత ఇళ్ళు సున్నంతోనే కట్టి ఉంటాయి. సున్నం మెత్తన, ఇల్లు కాస్త కదిలితే తనే సర్దుకుంటుంది, తడి తన గుండా బయటికి పంపేస్తుంది. దాన్ని తీసేసి గట్టి సిమెంట్ మాలు పెడితే సందు ఇటుక కంటే గట్టిదైపోతుంది, తడి ఇటుక లోంచే బయటికి రావాల్సి వస్తుంది, కొన్నేళ్ళకి సందులు మాత్రం గట్టిగా నిలబడి ఇటుకలు లోపలికి అరిగిపోయి గుంటలు పడతాయి. అలాంటి గోడలు మీరు చూసే ఉంటారు. సందు ఎప్పుడూ ఇటుక కంటే మెత్తగా ఉండాలి, పాడైతే సందే పాడవాలి, దాన్ని మళ్ళీ నింపుకోవచ్చు.

చెల్లి వాళ్ళ మేస్త్రీ ముందు ఒప్పుకోలేదు, "సున్నం ఎందుకమ్మా, సిమెంట్ అయితే రాయిలా ఉంటుంది" అన్నాడట. రాయిలా ఉండకూడదనే కదండీ అడుగుతున్నది అని చెల్లి గట్టిగా నిలబడింది. కనపడని మూలలో రెండు వరసలు చేసి చూపించాక ఆయనకే నచ్చి మిగతాది తనే శ్రద్ధగా చేశాడు.

ఇంత చేశాక కూడా రంగు మారాల్సిందే అంటే, మారొచ్చు, నేను రంగుకి వ్యతిరేకిని కాదు. గాలి ఆడే రకం ఎంచుకోండి, అంతే. అన్నిటిలోకి నాకు నచ్చేది సున్నం వెల్ల. పాల చిక్కదనంలో పల్చగా కలిపి, తడిపిన గోడ మీద పల్చటి కోట్లు వేసుకుంటూ పోవాలి, వేసేటప్పుడు దాదాపు ఏమీ కనపడదు, నీళ్ళు పూసినట్టుంటుంది, ఆరుతున్నకొద్దీ తెలుపు తేలుతుంది. తొందరపడి చిక్కగా వేస్తే పొడిగా రాలిపోతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని అది మళ్ళీ సున్నపురాయిగా మారి ఇటుకలో కలిసిపోతుంది, పైన పొర కట్టదు కాబట్టి పెచ్చులుగా లేవదు, ఏళ్ళు గడిచేకొద్దీ నెమ్మదిగా అరుగుతూ కింద ఎరుపు అక్కడక్కడ తొంగిచూస్తుంది, ఆ స్థితిలోనే ఇంకా అందంగా ఉంటుందని నా అభిప్రాయం. కళ్ళకి అద్దాలు, చేతులకి గ్లౌజులు తప్పనిసరి, సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. ఇదివరకే ప్లాస్టిక్ పెయింట్ వేసిన గోడ మీద మాత్రం ఇది పట్టదు. గోడ మీద నీళ్ళు చల్లి చూడండి, పీల్చుకుంటే పర్లేదు, ముత్యాల్లా జారిపోతే పైన ఏదో పొర ఉన్నట్టు.

ఇంకోటి సిలికేట్ పెయింట్, దీన్ని జర్మనీలో కైమ్ అనే ఆయన 1878లో పేటెంట్ చేశాడు. పొటాషియం సిలికేట్ ఇటుకతో రసాయనికంగా కలిసిపోతుంది, ఎండకి వెలవదు, తడిని ఆపదు, చాలా కాలం నిలుస్తుంది. కాకపోతే ఒకసారి వేశాక తీయడం కుదరదు కాబట్టి రంగు విషయంలో పూర్తిగా నిశ్చయించుకున్నాకే. మాస్కింగ్, అంటే రంగు పడకూడని చోట్లు కప్పి ఉంచడం, కూడా జాగ్రత్తగా చేయించాలి, కిటికీ గాజు మీద చుక్క పడి ఆరితే గాజుకి మచ్చ పడిపోతుంది. ఇటుకలు ఇటుకల్లాగే కనపడుతూ ఛాయ మాత్రం మారాలంటే స్టెయిన్ అనే ఇటుకలోకి ఇంకిపోయే పల్చటి రంగు ఉంది, అది ఒక్కో ఇటుకకి విడిగా వేస్తారు, తర్వాత కట్టిన గది ఇటుక పాత గోడతో కలవనప్పుడు దీన్ని మించింది లేదు.

ప్లాస్టరింగ్, రాతి క్లాడింగ్ (గోడ మీద రాతి పలకలు తొడగడం) గురించి ఎక్కువ రాయను, ఒక్క విషయం మాత్రం చెప్పి తీరాలి. ఏది వేసినా గోడ బయటికి మందం పెరుగుతుంది, ప్లాస్టర్ అయితే 15, 20 మిల్లీమీటర్లు, క్లాడింగ్ అయితే దాని వెనక గాలి సందుతో కలిపి ఇంకా ఎక్కువ. కిటికీ కింద సిల్ గోడ కంటే కొంచెం ముందుకొచ్చి ఉంటుంది, దాని అడుగున సన్న గాడి ఉంటుంది, వాన నీళ్ళు ఆ గాడి దగ్గర తెగి గోడకి తగలకుండా కింద పడతాయి. గోడ మందం పెరిగి ఆ సిల్‌ని మింగేస్తే నీళ్ళు నేరుగా గోడ మీదకే కారతాయి, ప్రతి కిటికీ కిందా రెండు నల్ల చారలు, లోపల చెమ్మ. అలాగే కింద పునాది పైన చెమ్మ ఎక్కకుండా వేసిన డీపీసీ పట్టీని ప్లాస్టర్‌తో కప్పేయకూడదు, కప్పితే నేలలోని తడి ప్లాస్టర్ గుండా పైకెక్కుతుంది. అడుగు వరసల్లో వదిలిన చిన్న ఖాళీ సందులు కూడా మూయొద్దు, అవి నీళ్ళు బయటికి పోవడానికే పెట్టినవి.

అసలు ఎర్ర ఇటుక అలాగే ఉంచి చుట్టూ ఉన్నవి మారిస్తే చాలు, నమ్మండి. ఎర్ర ఇటుక పక్కన తళతళలాడే తెలుపు కఠినంగా కొడుతుంది, దాని బదులు వెన్న రంగు, లేదా ముదురు ఆకుపచ్చ, బొగ్గు రంగు కిటికీలకి పెడితే గోడ రంగే వేరేగా కనిపిస్తుంది. చూరు, గట్టర్, పైపులు ఒకే రంగులోకి తెస్తే గజిబిజి తగ్గుతుంది. తలుపు ఒక్కటి మార్చినా తేడా తెలుస్తుంది. వీటిలో ఏది నచ్చకపోయినా వచ్చే ఏడాది మళ్ళీ మార్చుకోవచ్చు, గోడకి మాత్రం అలా కుదరదు.

ప్రస్తుతం చెల్లి వాళ్ళ ముందు గోడ, పక్క గోడలు కడిగి, లేత సున్నం సందులతో పాయింటింగ్ అయిపోయింది, కిటికీలకి ముదురు ఆకుపచ్చ. తెలుపు మోజు తనకి ఇంకా పూర్తిగా పోలేదు, అందుకని వెనక గోడ మీద, అదే గట్టర్ కింద ఆరిన చోటు వదిలేసి పక్కన, సున్నం వెల్ల మీటరు చదరం వేసి ఉంచింది. ఎండలో, నీడలో, వాన పడ్డాక ఎలా ఉందో చూసి నిర్ణయం తీసుకుంటారట. మీలో ఎవరైనా ఇటుక మీద సున్నం వెల్ల వేయించి కొన్నేళ్ళు అయ్యుంటే, ఎన్నాళ్ళకి మళ్ళీ కోటు అవసరమైందో, ఎండ ఎక్కువ తగిలే వైపు ఎలా అరిగిందో రాయండి, తనకి చూపిస్తాను.