చేపల పులుసు, పోపుగారి వైన్

మా బావ ఫ్రాన్స్ నుంచి వస్తూ షాటోనఫ్ దు పాప్ అనే రెడ్ వైన్ సీసా తెచ్చాడు. కార్క్ తీసే స్క్రూ ఇంట్లో లేదు, గరిటె కాడతో లోపలికి తోస్తే అది కాస్తా ముక్కలైంది, చివరికి టీ వడకట్టుతో వడపోసుకుని స్టీలు గ్లాసుల్లో తాగాం.

షాటోనఫ్ దు పాప్ అసలు ఆ వైన్ తయారయ్యే ఊరి పేరు. ఆ ఊరు దక్షిణ ఫ్రాన్స్‌లో, రోన్ నది పక్కన, ఆవిన్యోన్‌కి దగ్గర్లో ఉంది. 14వ శతాబ్దంలో క్యాథలిక్ మతపెద్దలైన పోపులు రోమ్‌లో కాకుండా ఆవిన్యోన్‌లో ఉండేవాళ్లు, వాళ్లలో 22వ జాన్ ఇక్కడ కోట కట్టించాడు, అందుకే ఆ పేరుకి అర్థం పోపుగారి కొత్త కోట.

నాకు నచ్చింది మాత్రం నేల. చాలా తోటల్లో మట్టే కనపడదు, అన్నీ నది ఎప్పుడో మోసుకొచ్చిన గుండ్రాళ్లు, మన పెన్నలో గులకరాళ్లలాంటివే గానీ పిడికిలంత, కొన్ని ఇంకా పెద్దవి. పగలంతా కాగి, రాత్రి ఆ వేడిని తీగలకి వదులుతాయి. పైగా మిస్త్రాల్ అనే ఉత్తరపు గాలి తేమని ఆరబెట్టేస్తుంది. ముఖ్యంగా వాడే గ్రెనాష్ ద్రాక్ష అంత ఎండకి బాగా తీపెక్కుతుంది, ఆ తీపే పులిసి ఆల్కహాల్ అవుతుంది, అందుకే అది తరచూ 14 శాతం దాటుతుంది.

అన్నట్టు, 1954లో అక్కడి మేయర్ ఎగిరే పళ్లేలు, అంటే గ్రహాంతరవాసుల వాహనాలు, ఊళ్లో దిగకూడదని ఆర్డర్ వేశాడు!

మేం చేసిన తప్పు, నెల్లూరు చేపల పులుసుతో తాగడం. ఆ కారం, చింతపండు పులుపు, దానికితోడు వైన్ వగరు, నోరంతా మంటే. "ఇదేం వైన్ బావా" అనేశాను కూడా. మర్నాడు మిగిలింది మటన్ వేపుడుతో తాగితే అదే సీసానా అనిపించింది.