వర్చువల్ మెషీన్‌లో 100 డిగ్రీలు: నా అనుభవం

నిన్న రాత్రే నా ప్యాచ్ (కోడ్‌కు చేసిన దిద్దుబాటు) మర్జ్ అయింది. వేడి మీదున్నప్పుడే రాసి పెడుతున్నా, కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కోడ్ ముట్టుకునేవాళ్లకు పనికొస్తుంది.

నాది హన్మకొండలో ఇంటి నుంచే పని. ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ ఉష్ణోగ్రత చదివే లినక్స్ మాడ్యూల్ (కర్నెల్‌కు తగిలించే కోడ్ ముక్క) ఒకటుంది. రాసినాయన వేరే టీమ్‌కు పోతే నాకు అప్పగించారు. బిల్డ్ అయింది, నా ల్యాప్‌టాప్‌లో అంకెలు సరిగ్గానే వచ్చాయి.

డెమో మాత్రం వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌లో, చూపించమన్నారు. చూపించాను. ప్రతి కోరూ 100 డిగ్రీలు! కాల్‌లో అందరూ ఉండగా మేనేజర్ "ఏందమ్మా, మీ వరంగల్ ఎండ సర్వర్లకు గూడ తాకిందా?" అన్నాడు. ఒకటే నవ్వులు. పక్క గదిలోంచి మా అమ్మ వచ్చి, ఏమైందని సైగ చేసింది. ఆ నవ్వినవాళ్లలో ఒక్కరికీ లాగ్ (కర్నెల్ రాసుకునే చిట్టా) తెరిచి చూద్దామనిపించలేదు. అదే నాకు ఇప్పటికీ మండుతోంది.

సంగతంతా లాగ్‌లోనే ఉంది: "అన్‌చెక్డ్ ఎంఎస్ఆర్ యాక్సెస్ ఎర్రర్". ఎంఎస్ఆర్ అంటే ప్రాసెసర్ లోపలి ప్రత్యేక రిజిస్టర్, అంకె దాచుకునే గడి లాంటిది. ఉష్ణోగ్రత కోసం మాడ్యూల్ చదివే హెక్స్ 19సి నంబరు రిజిస్టర్ ఆ వర్చువల్ మెషీన్‌లో లేదు. లేనిదాన్ని ఆర్‌డీఎంఎస్ఆర్ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో చదివితే ప్రాసెసర్ జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ అనే లోపం లేపుతుంది. పాత కర్నెల్ అయితే అక్కడే ఊప్స్ (కర్నెల్ కోడ్ దెబ్బతిందన్న రిపోర్ట్). ఇప్పటి కర్నెల్ ఆ ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్‌ను ఎక్సెప్షన్ టేబుల్‌లో (ఎక్కడ ఫాల్ట్ వస్తే ఏం చేయాలో రాసిన పట్టికలో) వెతికి పట్టుకుని, సున్నా వచ్చినట్టు చూపించి ముందుకు పోతుంది. హెచ్చరిక ఒక్కసారే వేస్తుంది. ఇక ఆ రిజిస్టర్‌లో ఉండేది ఉష్ణోగ్రత కాదు, గరిష్ఠ హద్దుకు ఇంకా ఎన్ని డిగ్రీలు మిగిలాయన్నది. పాతాయన హద్దు 100 అని కోడ్‌లోనే రాసిపెట్టాడు. వందలోంచి సున్నా పోతే వందే కదా.

అందుకే రిజిస్టర్ చదవడానికి సేఫ్ రకం ఫంక్షన్ (ఫాల్ట్ వస్తే ఎర్రర్ కోడ్ ఇచ్చేది) వాడి, ఆ కోడ్ తప్పక చూడండి. అంతకంటే ముందు సీపీయూఐడీ (ప్రాసెసర్‌లో ఏ సౌకర్యాలున్నాయో చెప్పే ఇన్‌స్ట్రక్షన్) 6వ లీఫ్‌లో, అంటే 6వ పట్టికలో, ఈఏఎక్స్ రిజిస్టర్ 0వ బిట్ చూస్తే సెన్సర్ ఉందో లేదో తేలిపోతుంది. 19సి రిజిస్టర్ 31వ బిట్ కూడా వదలొద్దు, రీడింగ్ చెల్లుతుందో లేదో చెప్పేది అదే. కేవీఎంలో (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపేది) ఇగ్నోర్ ఎంఎస్ఆర్స్ అనే సెట్టింగ్ ఆన్ చేసి ఉంటే ఫాల్టే రాదు, ఊరికే సున్నా వస్తుంది. అప్పుడు సేఫ్ ఫంక్షన్ ఒక్కటే కాపాడలేదు. ఎర్రర్ కోడ్ చూడని కోడ్‌కు రివ్యూలో సరే కొట్టేవాళ్లను నేనిక నమ్మను.

ఇప్పుడు వర్చువల్ మెషీన్‌లో మాడ్యూల్ లోడ్ కానంటుంది, అదే సరైన జవాబు. ఈసారి డెమో అసలు సర్వర్ మీదే పెడతానన్నాను. ఒప్పుకున్నారు.