కొండెక్కకుండా తిరుపతి

తిరుపతికి పోయి కొండెక్కకుండా వచ్చినామంటే మా అత్త ఇంకా నమ్మడం లేదు. "మొక్కు ఏమన్నా ఉంటే చెప్పకూడదా, ఇట్లా దొంగచాటుగా పోతారా" అంటాది. మొక్కూ లేదు ఏమీ లేదత్తా, ఊరికే తిరిగేదానికి పోయినాం అంటే అది ఆమెకు సమాధానమే కాదు. చిత్తూరు నుంచి ఓ 70 కిలోమీటర్లు, చిన్నప్పటి నుంచి పోతానే ఉండాం, కానీ ఎప్పుడు పోయినా బస్సు దిగడం, కొండ బస్సెక్కడం, గుండు, దర్శనం, లడ్డూలు పట్టుకుని తిరిగి రావడం. కింద ఊరు ఎట్లుంటాదో సరిగ్గా చూసిందే లేదు. అందుకే శనివారం పోయి రాత్రికి ఆడే రూమ్ తీసుకుందామని మా ఆయన అంటే నేను మారు మాట్లాడలా.

ముందు జూకి పోయినాం. 1987లో పెట్టిందంట, 5,500 ఎకరాల పైనే, శేషాచలం కొండల కిందే కాబట్టి జూ యాడ అయిపోతాదో అడవి యాడ మొదలవుతాదో తెలీదు. సఫారీ వ్యాన్ ఎక్కితే సింహం చెట్టు కింద కాళ్లు చాపుకోని పడుకోనుండాది, పిల్లోళ్లు అరిచినా కన్ను తెరవలా, అచ్చం ఆదివారం మధ్యాహ్నం మా ఆయనే. ఆ మాట పైకే అనేసినా, వ్యాన్‌లో ఒకామె నవ్వింది, ఈయనకు కోపం.

చిరుతల దగ్గర మాత్రం ఇద్దరం చాలాసేపు నిలబడిపోయినాం. 2023లో అలిపిరి మెట్ల దారిలో చిన్న పాపను చిరుత చంపేసినాక బోన్లు పెట్టి ఒకదాని వెనక ఒకటి పట్టినారు కదా, వాటిని తెచ్చింది ఈ జూకే. ఆ తర్వాత మెట్లెక్కేవాళ్లకు చేతికి కర్ర ఇచ్చినారు, మా తోడికోడలు ఆ కర్రతో ఫోటో కూడా దిగింది. ఇప్పుడు కంచె అవతల అటూ ఇటూ తిరుగుతా ఉన్నది వాటిలో ఒకటా, వేరేదా, చూసి చెప్పలేం. పాపను తల్చుకుంటే కడుపు తరుక్కుపోతాది, దీన్ని చూస్తే దీని అడవిలో మనం మెట్లు కట్టుకున్నాం కదా అనిపిస్తాది. రెండూ నిజమే అన్నాడు ఆయన. నేనేం మాట్లాడలా.

సాయంత్రం చంద్రగిరి కోట. రాజమహల్ అంత పెద్ద కట్టడంలో కట్టె అనేదే వాడలేదంట, రాయి, ఇటుక, సున్నమే. లోపల మ్యూజియంలో రాతి విగ్రహాలు చూసుకుంటా పోయినాం. 1639లో మద్రాసులో కోట కట్టుకునేదానికి ఇంగ్లీషోళ్లకు జాగా ఇచ్చింది కూడా ఈ చంద్రగిరి రాయల కాలంలోనే. ఆ జాగా ఇవ్వకపోయుంటే మా చెల్లెలు అద్దె కట్టుకునే ఊరే ఉండేది కాదేమో అని నేనంటే, ఇంకో ఊళ్లో కట్టుకోనుండేదిలే అన్నాడు.

ఆదివారం పొద్దున కపిలతీర్థం. కార్తీక మాసం, పైగా వానలు పడినాయి, కొండ మీది నుంచి నీళ్లు బాగా దూకుతా ఉండాయి, జనం కూడా అట్లే ఉండారు. కొబ్బరి చిప్ప నా చేతిలోకి వచ్చిందో లేదో కోతి లాక్కోని గోడెక్కి కూర్చునింది, ఆడే తినింది, నన్ను చూస్తా తినింది.

ఆయన మాత్రం రాళ్ల సందులు వెతుకుతా ఉండాడు. ఈ కొండల్లో బంగారు రంగు బల్లి ఉంటాదని యాడో చదివినాడంట. మనం కంచికి పోయి బంగారు బల్లిని తాకి వస్తాం కదా, ప్రాణం ఉండేది మన కొండల్లోనే ఉందిమే అంటాడు. ఆడ కాపలా ఉన్నాయన్ని అడిగితే, "అది చీకటి పడితే గాని బయటికి రాదు సార్, ముందు మీ చెప్పులు చూసుకోండి, కోతి ఉండాది" అన్నాడు.

చెప్పులు ఉండాయి. భోంచేసి బస్సెక్కినాం. వచ్చే తూరి తలకోన అంటాడు, 270 అడుగుల జలపాతమంట. ఆడైతే అడవిలో నడవాల, ఈయన మోకాలి సంగతి ముందు డాక్టర్‌కి చూపించాల.