పానగల్లులో రెండు గంటల నీడ

హైదరాబాద్ నుంచి వస్తే నార్కెట్‌పల్లి దగ్గర హైవే దిగి నల్లగొండ. అక్కడి నుంచి పానగల్లుకు ఆటో. పచ్చల సోమేశ్వరాలయం దగ్గర గుడిని చూస్తూ బొమ్మ వేసే పోటీ, తొమ్మిదింటికి. ఎనిమిదిన్నరకే కాగితం వెనక స్టాంపు వేయించుకోవాలి. స్టాంపు లేని బొమ్మను చివర్లో తీసుకోరు. ఇంటి దగ్గర గీసుకొచ్చేవాళ్లను ఆపడానికి అదొక్కటే ఉపాయం. పావు షీటు, అంటే 11×15 అంగుళాలు. నీటిరంగులే. గడువు రెండు గంటలు.

కాగితం 300 జీఎస్ఎమ్‌కు (చదరపు మీటరుకు గ్రాముల బరువు) తగ్గితే మొదటి వాష్‌కే, అంటే పలుచని రంగునీళ్ల పూతకే, అప్పడంలా లేస్తుంది. నీళ్లు రెండు లీటర్లు వెంట తెచ్చుకోవడం మేలు. నిర్వాహకులు పెడతామన్న డ్రమ్ము అరగంట ఆలస్యంగా వచ్చింది.

పచ్చల సోమేశ్వరాలయం గోడల నిండా శిల్పాలు. చాలామంది బోల్తా పడేది అక్కడే. ఒక్కో బొమ్మకూ ముక్కూ చెవీ గీస్తూ కూర్చుంటే గంట గడిచేసరికి ఆకాశం తెల్లగానే మిగిలి ఉంటుంది. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా గోధుమరంగు కలిపి, గోడంతా ఒకే బూడిద వాష్ పరిచి, ఆరాక నాలుగైదు ముదురు మచ్చలు పెడితే చాలు, మిగతా శిల్పాలు చూసేవాళ్ల కళ్లే పూరించుకుంటాయి.

అసలు చిక్కు నీడది. ఫిబ్రవరి ఎండలో తొమ్మిదింటికి పది అడుగుల స్తంభం నీడ దాదాపు పదిహేడు అడుగులుంటే, పదకొండింటికి ఎనిమిదికి లోపే. అందుకే మొదటి పది నిమిషాల్లో నీడల అంచులు పెన్సిల్‌తో గీసేసి, తర్వాత ఎదురుగా ఏది కనబడినా ఆ గీతలనే నమ్మాలి. పక్కనున్న కుర్రాడు నీడను మూడుసార్లు మార్చాడు. చివరికి అతని గుడిమీద ఇద్దరు సూర్యులు కాశారు.

ఇంకో గొడవ వేడిగాలి. వాష్ సగం ఆరాక మళ్లీ తడి కుంచె తగిలిస్తే కాలీఫ్లవర్ మచ్చలు పడతాయి. కాగితం వెనకవైపు కూడా తడిపి బోర్డుకు అతికిస్తే, నీళ్లలో నాలుగు చుక్కలు గ్లిజరిన్ వేస్తే కాస్త ఊపిరి తీసుకోవచ్చు. అంచులకు అంటించిన మాస్కింగ్ టేపును మాత్రం పూర్తిగా ఆరాకే, బయటివైపుకు లాగుతూ తియ్యాలి. లేకపోతే కాగితం పై పొర ఊడి వస్తుంది.

"గుడికి రంగులేస్తున్నరా సార్?" అని ఒక పెద్దాయన అడిగిండు. కాగితం మీదనే అంటే, ఆయన ముఖంలో కొంచెం నిరాశ.

బొమ్మలన్నీ గోడకు వరసగా ఆనించారు. పేర్లు లేవు, వెనక నంబర్లే. జడ్జీలు ముగ్గురూ మొదట పది అడుగుల దూరం నుంచే చూశారు. అక్కడి నుంచి వెలుగూ నీడా విడిపోయి కనబడనివి సగానికి పైగా అక్కడే పోయాయి. ఆ తర్వాతే దగ్గరికి వచ్చి అంచులు చూశారు. గెలిచిన బొమ్మలో ఒక మూల ఖాళీగా ఉంది. ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకోకపోవడమే న్యాయం.

సాయంత్రం నాలుగింటికి అదే ఊళ్లోని ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో లింగం వెనక నిలువు నీడ. "పొద్దుగాల ఎట్లున్నదో గిప్పుడూ గట్లనే" అన్నడు అక్కడి మనిషి. ముందున్న స్తంభాలకు అటూ ఇటూ నుంచి వచ్చే వెలుగు చేరని మేరే అది. సూర్యుడు కాదు, పరుచుకున్న వెలుతురు చేసిన నీడ. దగ్గరికి పోయి చూస్తే దాని అంచు ఎక్కడా కత్తిరించినట్టు లేదు. దాన్ని వెయ్యాలంటే కాగితం తడిగా ఉండగానే వెయ్యాలి.